గుర్రాల సినిమాలు చూసిన చాచా

చాచా పోయిన సంగతి నాకు ఇరవై రోజుల తర్వాత తెలిసింది. అదీ ఎవరూ కబురు పెట్టలేదు. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు పోతూ వనపర్తిలో బస్సు మారుతుంటే ఆయన దుకాణం షట్టర్ దించి కనిపించింది. పక్కన కొబ్బరిబోండాలు అమ్మే మనిషిని అడిగాను. కత్తి ఆపకుండానే చెప్పాడు.

"పాయె మేడం. నిద్రల్నే పాయె. మంచి సావు."

మళ్లీ ఒకసారి నా ముఖం చూసి, "మీరు గా సినిమాల మేడం గద? చానా దినాలకు వస్తిరి" అన్నాడు.

చాలా రోజులకే వచ్చాను. దానికి కారణం ఉంది, చెబుతాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట ఒకసారి రాయలేదు. ఇప్పుడు మనిషి పోయాక రాసి పుణ్యం కట్టుకోవడం మర్యాద కాదనిపించింది. వనపర్తి బస్టాండు చుట్టుపక్కల ఆయన్ని అందరూ ఆపరేటర్ చాచా అనేవాళ్లు. ముప్పై ఏళ్లకు పైగా సినిమా హాలు క్యాబిన్‌లో మెషిన్ నడిపాడు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. రీళ్లు పోయి, సినిమా శాటిలైట్ ద్వారా ఆకాశం నుంచి డబ్బాలోకి దిగడం మొదలైనప్పుడు యజమాని ఈయన్ని పిలిచి, "ఏం లేదు చాచా, టైముకు బటన్ నొక్కుడే" అన్నాడట. చాచా ఆ రోజే మానేశాడు.

"బటన్ నొక్కెటోన్ని ఆపరేటర్ అంటరా? లిఫ్ట్ నడిపెటోడంటరు" అనేవాడు.

తర్వాత బస్టాండు పక్కన మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగు చేసే దుకాణం పెట్టుకున్నాడు.

ఆయన ఎడమ భుజం ఎప్పుడూ కొంచెం కిందికి దిగి ఉండేది. మెడ ఒక పక్కకు వాలి ఉండేది. క్యాబిన్ గోడలో అరచేయి అంత కిటికీ ఉంటుంది, అందులోంచి తెర మీద బొమ్మ సరిగ్గా పడుతోందా లేదా చూసుకోవాలి. అన్నేళ్లు ఆ కిటికీకి తల ఆనించి నిలబడ్డందుకు ఒళ్లు అట్లాగే స్థిరపడిపోయింది. ఏదైనా శ్రద్ధగా చూడాలంటే కుడికన్ను మూసేవాడు. కాలిపోయిన మిక్సీ మోటారును అట్లాగే చూసేవాడు, కొత్తగా వచ్చిన మనిషినీ అట్లాగే చూసేవాడు. తెలియనివాళ్లు కన్ను కొడుతున్నాడనుకునేవాళ్లు. ఒకసారి ఒక టీచరమ్మ మిక్సీ అక్కడే వదిలేసి వెళ్లిపోయిందట. మర్నాడు ఆమె భర్త వచ్చాడు. చాచా ఆయన్ని కూడా కన్ను మూసే చూశాడు. దాంతో అపార్థం తొలగిపోయింది.

దుకాణంలో మూలకు చిన్న టీవీ ఉండేది. రోజంతా నడిచేది, చప్పుడు మాత్రం ఉండేది కాదు. సౌండ్ పోయిందేమో అనుకుని అడిగాను.

"పోలేదు బేటీ. నేనే బంద్ వెట్టిన. సౌండ్ వెడితె వాళ్లు చెప్పింది నమ్మాలె. బంద్ చేస్తె మన కండ్లు పని చేస్తయి."

మేం ఎట్లా కలిశామో చెప్పాలి. అప్పుడు నాగర్‌కర్నూలులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది. వాళ్లు వచ్చేలోపు ఒక జాతీయ సెమినార్ జరిగి ఉండాలని ప్రిన్సిపాల్ గారికి పైనుంచి మాట వచ్చింది. విషయం మేం ఎన్నుకోలేదు. పిలిస్తే వస్తానన్న హైదరాబాదు ప్రొఫెసర్ దగ్గర ఏ పేపరు సిద్ధంగా ఉందో అదే మా విషయమైంది. 'పాత కౌబాయ్ సినిమాలలో వైవిధ్యం, ప్రాతినిధ్యం.' ఇంగ్లీషు చెప్పేది నేను కాబట్టి కన్వీనర్ని నేను. మా పిల్లలు తిమ్మాజిపేట నుంచి, అమ్రాబాద్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో బస్సు ఫుట్‌బోర్డుల మీద వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక్కరూ కౌబాయ్ సినిమా చూడలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే నేనూ చూడలేదు. వాటి గురించి చదివాను.

కామర్స్ చెప్పే సహోద్యోగిది వనపర్తి. నా పరేషాన్ చూసి, "మా ఊర్ల ఒక చాచా ఉన్నడు మేడం. గుర్రాల సినిమాలన్ని ఆయన చేతుల మీదనే నడిచినయి. బస్సు మారెటప్పుడు పోయి కలువుండ్రి" అన్నాడు.

వెళ్లాను. చాచా స్టూలు మీద కూర్చుని ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాడు. విషయం చెప్పాను. కుడికన్ను మూసి నన్ను చూశాడు.

"గుర్రాల సినిమాల మీద కాలేజీల మీటింగా? ఎవరికన్న పిచ్చి లేసిందా?"

"ప్రాతినిధ్యం గురించి చాచా."

"అంటె?"

"ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు, కనిపించినా ఎట్లా చూపిస్తారు... గట్లాంటిది."

"గదా?" అని ఫ్యాన్ పక్కన పెట్టాడు. "గది నాకు మస్తు ఎరుక. నా పనే గది."

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు చాలాకాలం పనికొచ్చింది. ఎంత పనికొచ్చిందో తర్వాత చెబుతాను. క్యాబిన్‌లో మెషిన్ మోతకు సినిమా మాటలు వినపడవట. బొమ్మ ఒక్కటే. "హాల్ల కూసున్నోడు ఒక్కసారి చూస్తడు, హీరోను చూస్తడు, పోతడు. నాకు దినాం నాలుగాటలు. హీరోను ఎన్నిసార్లు చూస్త చెప్పు? రెండో దినానికి మొకం మొత్తుతది. ఇగ మూలలకు చూడవడితి. మూలలల్ల ఎవరున్నరు, ఏం చేస్తున్నరు, ఏ శీనుల మాయమైతున్నరు."

నేను శనివారం గద్వాలలో మా అమ్మ దగ్గరికి పోయి సోమవారం తిరిగొచ్చేదాన్ని. వనపర్తిలో బస్సుకు బస్సుకు మధ్య అరగంట దొరికేది. ఆ అరగంట చాచా దుకాణానిదైంది. ఆయన ఎప్పుడూ కథ చెప్పేవాడు కాదు. ఏ సినిమాలో ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో ఆయనకు గుర్తు లేదు, తెలుసో లేదో కూడా అనుమానమే. మూలల సంగతి మాత్రం చెప్పేవాడు.

"వంట చేసెటోడు ఒకడుంటడు. ఎనుక జడ. గిన్నె పట్టుకొని ఉరికొస్తడు, పిండిల వడ్తడు, అందరు నవ్వుతరు. గంతే. ఆయనను మల్ల ఎవరు పిలువరు."

వాళ్లు చీనావాళ్లని, అక్కడ పడమటి వైపు రైలు పట్టాలు పరిచినవాళ్లలో వాళ్లే ఎక్కువని నేను చదివింది చెప్పాను.

"పట్టాలు వాళ్లు వేసిండ్రా? మరి రైలొచ్చిన శీనుల ఊరంత నిలవడి చప్పట్లు గొడ్తది. ఆయనొక్కడు ఉండడు గద. గా ఒక్క దినం గూడ వంట పనేనా?"

ఇంకోసారి, ఆవుల మందలు తోలినవాళ్లలో నల్లవాళ్లు, మెక్సికో వాళ్లు చాలామంది ఉండేవాళ్లని, సినిమాల్లో వాళ్లను దాదాపు తీసేశారని చెప్పాను. ఇది వినగానే ఆయన ముఖం వెలిగింది. ఎన్నాళ్లుగానో ఉన్న లెక్క తేలినట్టు.

"గందుకేనా! నాకు అనుమానం ఉండె బేటీ. గంత ఎండ, గంత దుమ్ము, గన్ని దినాలు ఆవుల ఎంబడి తిరుగుడు. ఒక్కడు గూడ నల్లవడడు. మన దిక్కు రెండు దినాలు కందిచేన్ల నిలవడితె ఇంట్లోళ్లు గుర్తు వట్టరు."

మెక్సికో మనిషి గురించి ఆయన ఒక్కమాటే అన్నాడు. "పని లేకుంటె నిద్ర, పనుంటె దొంగతనం." ఆడవాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాడు. "ఊరికి ఇద్దరుంటరు. ఒకామె బడి పంతులమ్మ, ఇంకొకామె సారా దుకాణంల. హీరో ఇష్టపడేది రెండో ఆమెను, పెండ్లాడేది పంతులమ్మను. రెండో ఆమె తూటాకు అడ్డమొచ్చి సస్తది. అడ్డం రాకుంటె కథ ఒడవది గద."

ఆయనకు అన్నిటికన్నా అంతుపట్టనిది ఈకలు కట్టుకుని గుర్రాల మీద వచ్చే గుంపు. "బండ్లన్ని గుండ్రంగ నిలవెడ్తరు. వీళ్లొచ్చి బండ్ల చుట్టు తిరుగుతరు. తిరిగినోన్ని తిరిగినట్టె కాలుస్తరు. అరె, చుట్టు తిరగకుంటె బతుకుతరు గద? ఒక్క సినిమాలనన్న ఒక్కనికి గీ తెలివి రాకపాయె." వాళ్లని ఆ సినిమాల్లో ఇండియన్స్ అంటారు. నేల క్లాసుకు ఇంగ్లీషులో తెలిసిన మాట అదొక్కటేనట. ఆ మాట వినపడగానే హాలంతా ఈలలు. మనోళ్లొచ్చిండ్రని. "గా ఈలలు మాత్రం క్యాబిన్ల దాంక ఇనవడేటియి. ఐదు నిమిషాలల్ల మనోళ్లు ఖతం. ఇగ ఎవరు మాట్లాడకపోదురు. ఇంటర్వెల్‌ల సోడాలు గూడ తక్కువ పోయేటియి."

ఒకరోజు నేనే అడిగాను, తెలుగు సినిమాల సంగతేమిటని. చాచా నవ్వాడు.

"మావోడు రెండు రకాలు. కండ్లకు సుర్మా పెట్టుకుంటె విలన్. టోపీ పెట్టుకుంటె మంచోడు. మంచోడయితె హీరో కోసం సస్తడు. ఎట్ల జూసినా ఇంటర్వెల్ దాటడు."

"మా సంగతి?"

"మీదా? మనది అను. మన మాట మాట్లాడినోడు అయితె రౌడీ, లేకుంటె జోకర్. నువ్వు గద్వాల దానివి గద, నీ లెక్క మాట్లాడే హీరోయిన్ను చూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. ఈ మధ్య కొన్ని వస్తున్నాయిలే అన్నాను. "వస్తె మంచిదే" అన్నాడు చాచా, టీవీ వైపు చూసి. సౌండ్ మాత్రం పెట్టలేదు.

సెమినార్‌లో ఆయనతో పది నిమిషాలు మాట్లాడించాలని నిర్ణయించుకున్నాను. కార్యక్రమం కాగితంలో 'ప్రత్యేక అనుభవం' అని పెట్టాను. ప్రిన్సిపాల్ గారు అభ్యంతరం చెప్పలేదు. చదవలేదు కాబట్టి అభ్యంతరం చెప్పలేదని తర్వాత తెలిసింది.

ఆ రోజు చాచా పొద్దున మొదటి బస్సుకే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, మీద నల్ల కోటు. ఎండాకాలం. ముందు వరుసలో కూర్చోబెట్టాను. పెద్దమనుషులెవరో వస్తున్నారని అటెండర్ ఆయన్ని మూడో వరుసకు పంపాడు. తర్వాత ఇంకా పెద్దమనుషులు వచ్చారు, ఆరో వరుసకు జరిగాడు. నేను మైకు దగ్గర ఉండి ఇదంతా చూశాను. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడుగురు మగవాళ్లు. ప్రాతినిధ్యం గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ప్రొఫెసర్ గారు గంటంపావు ఇంగ్లీషులో మాట్లాడారు. మంచి పేపరే. మా పిల్లలు ఒక్కముక్క అర్థం కాకపోయినా చేతులు కట్టుకుని కూర్చున్నారు. పన్నెండున్నరకు ప్రిన్సిపాల్ గారు చీటీ పంపారు. "స్థానిక అంశం తీసేయండి. సమయాభావం."

నేను చాచా దగ్గరికి పోయి చెప్పాను. "పర్వాలే బేటీ, బువ్వ వెడ్తరా?" అన్నాడు. పెట్టారు.

భోజనాల తర్వాత ప్రొఫెసర్ గారు ఒక సినిమా ముక్క చూపించి ముగించాలి. బొమ్మ వచ్చింది. సౌండ్ రాలేదు. అటెండర్ తీగలు పీకాడు, పెట్టాడు. కంప్యూటర్ సారు వచ్చాడు, ఆయన ఇంకో తీగ పీకాడు. తెర మీద గుర్రాలు మూగగా పరిగెత్తుతున్నాయి. వేదిక మీద ఏడుగురూ తలలు వెనక్కి తిప్పి చూస్తున్నారు. పిల్లలు సెల్‌ఫోన్లు తీశారు. అప్పుడు ఆరో వరుసలో నల్లకోటు లేచింది.

"సౌండ్ లేకున్నా నడుస్తది సార్. నేను జెప్త."

ప్రొఫెసర్ గారు నన్ను చూశారు. ప్రిన్సిపాల్ గారు నన్ను చూశారు. నేను ఎవర్నీ చూడకుండా పోయి మైకు చాచా చేతిలో పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ధైర్యం పని అదొక్కటే. అది కూడా పావుగంటకే తిరిగి తీసుకున్నాను.

చాచా తెరకు ఒక పక్కగా నిలబడ్డాడు. మెడ వాల్చి, కుడికన్ను మూశాడు. "హీరోను చూడకుండ్రి. ఆయన యాడికి పోడు. గా ఎడమ మూలకు చూడుండ్రి, బండి చక్రం కాడ. గాయన పేరేమి? తెల్వదు. పొద్దటి సంది నీళ్లు మోస్తున్నడు. ఇప్పుడు చూడుండ్రి, తూటా వస్తది. ఎవరికి తగుల్తది? మోసెటోనికే. హీరో మోస్తలేడు గద, ఆయనకెట్ల తగుల్తది?"

పిల్లలు నవ్వారు. ఫోన్లు లోపలికి పోయాయి. కొండ మీద ఈకల గుంపు కనిపించగానే వెనక వరుసలో ఎవరో ఈల వేశారు. ముప్పై ఏళ్ల కింద నేల క్లాసులో వేసినట్టే.

అప్పుడు ఫైనలియర్ అమ్మాయి ఒకామె లేచింది. అమ్రాబాద్ మండలం, చెంచుల అమ్మాయి. మూడేళ్లలో నా క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు.

"తాతా, గా ఈకలు పెట్టుకున్నోళ్లు నిజంగ ఆ జాతోళ్లేనా?"

"కాదు బిడ్డా. ముంగల నిలవడ్డోళ్లయితె తెల్లోళ్లే. రంగు పూసిండ్రు. రీలు చేతిల వట్టుకొని దీపం ముంగట వెట్టి చూసిన నేను. చెమట కారిన కాడ మెడ తెల్లగ కనవడ్తది. ఎనుక ఉరికి సచ్చెటోళ్లు మాత్రం అసలోళ్లే ఉండొచ్చు."

అమ్మాయి కూర్చోలేదు. "మా తాతను గూడ సినిమాకు పిలిచిండ్రు" అంది. "మన్ననూరు దిక్కు షూటింగు అయితుండె. చెంచు పెద్దమనిషి వేషం కావాలన్నరంట. మా తాతను చూసి, ఈయన చెంచోని లెక్క లేడు అన్నరంట. మా తాత అంగీ ఏసుకొని పోయిండు. ఇగ పట్నం నుంచి వచ్చిన యాక్టరుకు నల్లరంగు పూసి, ఆకులు కట్టిండ్రు. ఆయనకు విల్లు ఎట్ల వట్టాల్నో మా తాతను నేర్పియ్యమన్నరు. మూడు దినాలు నేర్పిండు."

"నేర్చిండా మరి ఆయన?" అడిగాడు చాచా.

"లేదు. ఉల్టా వట్టిండు. సినిమాల గూడ గట్లనే ఉన్నది. మా చెంచుపెంటల, గూడెమోళ్లందరం చూసినం. మా తాత మాత్రం ఎవరికి చెప్పొద్దన్నడు, నేర్పింది నేనే అని."

ముందు నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు ఆగింది. ఆ అమ్మాయి నవ్వడం లేదు. చాచా కూడా నవ్వలేదు. మైకు దించి, ఆమె వైపు రెండు కళ్లూ తెరిచి చూశాడు. "మీ తాత మస్తు ఇజ్జత్ ఉన్న మనిషి" అన్నాడు.

ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, ఇది చాలా ఆసక్తికరంగా ఉంది కానీ ఇవి ఉట్టి ముచ్చట్లని, శాస్త్రీయమైన ఆధారాలు కావని అన్నారు. ప్రిన్సిపాల్ గారి నుంచి రెండో చీటీ వచ్చింది. నేను పోయి చాచా చేతిలోంచి మైకు తీసుకుని, "సమయాభావం వల్ల..." అన్నాను. శాలువాలు వేదిక మీది వాళ్లకే సరిపోయాయి. చాచాకు ఒక గులాబీ ఇచ్చాం. దాన్ని కోటు జేబులో పెట్టుకుని వనపర్తి బస్సెక్కాడు.

సెమినార్ నివేదిక నేనే రాశాను. ఆ పావుగంటకు 'స్వల్ప సాంకేతిక అంతరాయం' అని రాశాను. ఆ మాట నాకు అంత తేలిగ్గా ఎట్లా తట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

అంతటితో ఆగితే బాగుండేది. సెమినార్ పేపర్లతో పుస్తకం వేస్తున్నారు, నేనూ ఒకటి ఇవ్వాలి. కూర్చుంటే రెండు రోజుల్లో పూర్తయింది. నల్లబడని ముఖాలు, చుట్టూ తిరిగి చచ్చే గుంపు, తూటాకు అడ్డమొచ్చే రెండో ఆమె, చెమట కారిన చోట తెల్లబడే మెడలు. అన్నీ ఉన్నాయి. చాచా పేరు కూడా రాశాను, ఒప్పుకోవాలి. పుస్తకానికి సంపాదకులు ప్రొఫెసర్ గారే. ఫోన్ చేసి మెచ్చుకున్నారు. "ఒక్కటే చిన్నమాట. మిక్సీలు బాగు చేసే మనిషి పేరు పెడితే పేపరు బరువు తగ్గుతుంది" అన్నారు. నేను ఒక్క నిమిషం ఆలోచించాను. నిజంగా ఒక్క నిమిషమే. పేరు తీసేసి, కింద చిన్న అక్షరాల్లో 'స్థానిక సమాచారకుడు, పురుషుడు, వయస్సు డెబ్బై పైన' అని పెట్టాను.

ప్రాతినిధ్యం మీద రాసిన ఆ పేపరు నాకు పదోన్నతిలో పనికొచ్చింది.

చెంచు అమ్మాయి పుస్తకం లైబ్రరీలో చూసి స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. "మేడం, మా తాత ముచ్చట రాయలే గద?" అంది. స్థలం సరిపోలేదన్నాను. "మంచిగైంది మేడం. రాస్తె గూడ చెంచోని లెక్క లేడంటుండిరేమో" అని వెళ్లిపోయింది. ఆమె ఇప్పుడు అమ్రాబాద్ దగ్గర ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మ.

పుస్తకం చాచాకు నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండొచ్చు, ఆయన ఇంగ్లీషు చదవలేడు. అయినా ఇచ్చాను. చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. కన్ను మూసి అట్ట చూశాడు, నా పేపరున్న చోట వేలు పెట్టమన్నాడు.

"గిండ్ల నేను యాడున్న?"

కింద చిన్న అక్షరాలు చూపించాను. చదవమన్నాడు. తెలుగులో చెప్పాను. చాచా కాసేపు ఆ గీత మీదే వేలు ఉంచాడు.

"మొగోడు అని రాసినవ్. అది కరెక్టే."

నేను తల దించుకున్నాను. మళ్లీ అచ్చు వేసినప్పుడు పేరు పెట్టిస్తానన్నాను.

"నెక్స్ట్ షోకు అంటవ్" అని పుస్తకాన్ని టీవీ మీద పెట్టాడు. కోపం లేదు. అప్పుడే మిక్సీ తీసుకోవడానికి ఒకాయన వచ్చాడు. "ఈమె లెక్చరర్ మేడం, నాగర్‌కర్నూలుల. నేను ఈమె సమాచారకున్ని" అని పరిచయం చేశాడు. ఆ మాటను అచ్చంగా నేను పలికినట్టే పలికాడు. వచ్చినాయన అదేదో సర్కారు కొలువు అనుకుని నమస్తే పెట్టాడు. ఆ తర్వాత నేను వెళ్లిన రెండుమూడు సార్లూ అంతే. చాయ్ తెచ్చిన మనిషికి, పక్క దుకాణం సేటుకు, దారిన పోయే కానిస్టేబుల్‌కు, అందరికీ ఆయన నా సమాచారకుడే. ఎక్కడా గొంతులో ఎత్తిపొడుపు వినిపించేది కాదు. అందుకే భరించడం కష్టమైంది. నేను వనపర్తిలో ఆగడం మానేసి, నేరుగా పోయే బస్సు కోసం గద్వాలలో గంటసేపు ఎదురు చూడటం మొదలుపెట్టాను. సుమారు ఏడాది అట్లా గడిచింది. దుకాణం మూసి కనిపించిన ఆ రోజు నేరుగా పోయే బస్సు రాలేదు కాబట్టి వనపర్తిలో దిగాను.

కొబ్బరిబోండాల మనిషి దారి చెప్పాడు. ఇల్లు ఒక సందు చివర. మొదటిసారి చూడటం. ఆయన భార్య చాచీ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, బయటి మగవాళ్లకు కనిపించకూడదు. ఆడమనిషిని కాబట్టి లోపలికి రమ్మంది. చిన్న మనిషి, గట్టి గొంతు. నేనెవరో చెప్పబోయాను.

"ఎరుకనే. సినిమాల మేడమ్‌వు. ఆయన చెప్పెటోడు" అంది. ఏం చెప్పేవాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమే చెప్పింది. "సోమవారం వచ్చిందంటె కోటు ఏసుకొని పోయెటోడు దుకాణానికి. నడుమ నువ్వు రాకపోతివి. అయినా ఏసుకొని పోయిండు."

ఏదో ఒకటి అనాలి కదా అని, చాచాకు గుర్రాల సినిమాలంటే ఎంత ఇష్టమో, ఎంత శ్రద్ధగా చూసి ఎంత గొప్ప సంగతులు చెప్పాడో అన్నాను. చాచీ నన్ను వింతగా చూసింది.

"ఇష్టమా? ఎవరు జెప్పిండ్రు నీకు? ఆయనకు గవి పడకపోయేటియి. గా సినిమా వచ్చిన వారం బువ్వ సక్కగ తినకపోయెటోడు."

"మరి మనుషుల గురించి అంతగా..."

"నువ్వడిగినవ్, చెప్పిండు. వాళ్లను చూసిండంటె, గుర్రాల దిక్కు చూడొద్దని చూసిండు."

అప్పుడు చెప్పింది. చాచా తండ్రి గద్వాల స్టేషన్ నుంచి కోట దాకా టాంగా తోలేవాడు. చాచాకు పదేళ్లుండగా ఒక మధ్యాహ్నం దిగుడు రోడ్డు మీద గుర్రం ముందుకాళ్లు మడిచి పడిపోయింది. టాంగాలో తండ్రి పక్కన చాచా ఉన్నాడు. ఎంత లేపినా లేవలేదు. తండ్రి ఆ తర్వాత ఇంకో గుర్రాన్ని కొనలేదు.

"గుర్రం ఉత్తగ పడదు అంటుండె. గా సినిమాలల్ల ఉరికే గుర్రాలను కాళ్లకు తీగ గట్టి పడగొడుతుండిరంట. పడే తీరు చూస్తె ఆయనకు తెల్సిపోయేది. నేను దినాం మ్యాటినీకి బువ్వ తీస్కపోతుంటి క్యాబిన్ల. గుర్రాలు పడే రీలొస్తె ఆయన గోడ దిక్కు తిరిగి నిలవడెటోడు. బొమ్మ చూసుకోవాలె గద మరి? నన్ను నిలవెట్టెటోడు గా కిటికి కాడ."

చాచీ లేచి, తలుపు వారగా వేసి వచ్చి కూర్చుంది.

"ఒక్కటే అడుగుతుండె నన్ను. లేచిందా? లేచిందా? అని. లేచింది, ఉరికిపోయింది అని చెప్తుంటి. అప్పుడు ఇటు తిరిగెటోడు."

"నిజంగా లేచేవా చాచీ?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నాకేం ఎరుక బేటీ. నేను గూడ కండ్లు మూసుకుంటుంటి."